వీకెండ్‌లో ఫ్రెండ్స్‌తో సెయిలింగ్: మొదటిసారి తెరచాప పట్టేవాళ్ల కోసం

ముందే ఒక మాట. సెయిలింగ్ బాగా వచ్చిన ఫ్రెండ్ ఒకడున్నాడు కదా, వాడే నేర్పిస్తాడులే అని నేరుగా వాడి పడవ ఎక్కేయకండి. వాడికి అలవాటైపోయింది కాబట్టే మీకు చెప్పలేడు. గాలి మారగానే వాడి చెయ్యి దానంతటదే తాడు సర్దేస్తుంది, ఎందుకు సర్దిందో వివరించే టైం ఉండదు, గట్టిగా ఏదో అరుస్తాడు, మీరు తల వంచుతారు, సాయంత్రానికి ఎండకు కమిలిపోయి బాగా ఎంజాయ్ చేశాం అనుకుంటూ ఇంటికొస్తారు గానీ వచ్చింది మాత్రం ఏమీ ఉండదు. ఏమీ రాని ఫ్రెండ్స్ ఇద్దరో నలుగురో కలిసి ఒక సెయిలింగ్ స్కూల్లోనో క్లబ్బులోనో చేరండి. బ్రిటన్‌లో రాయల్ యాటింగ్ అసోసియేషన్ వాళ్లు పెద్దవాళ్లకి పెట్టిన మొదటి రెండు లెవెల్స్ ఒక్కొక్కటి రెండు రోజుల కోర్సు, అంటే ఒక వీకెండ్‌కి ఒకటి. పడవను ఒడ్డు నుంచి తీసుకెళ్లి మళ్లీ అదే ఒడ్డుకి తీసుకురావడం వరకు అయితే ఆ మాత్రం టైం సరిపోతుంది. కింద రాసింది కోర్సుకి బదులు కాదు. కోర్సుకి వెళ్లే ముందు చదివితే అక్కడ సగం టెన్షన్ తగ్గుతుంది, వెళ్లొచ్చాక చదివితే మర్చిపోయినవి గుర్తొస్తాయి.

ఏ పడవ

చిన్నది. గది, వంటగది ఉన్న పెద్ద యాట్‌లో ఫొటోలు బాగా వస్తాయి, కాదనను. కానీ దాన్ని తప్పుగా నడిపినా పెద్దగా తేడా తెలియదు, బరువు మీద అలా వెళ్తూనే ఉంటుంది. డింగీ, అంటే గది లేని చిన్న తెరచాప పడవ, అలా కాదు, తాడు కాస్త ఎక్కువ లాగితే ఒరుగుతుంది, మీరు వెనక్కి జరిగి కూర్చుంటే వెంటనే నెమ్మదిస్తుంది. మీరు చేసినదానికి జవాబు అప్పటికప్పుడే వస్తుంది కాబట్టి త్వరగా వస్తుంది.

ఒక్కరే నడిపే డింగీల్లో లేజర్ బాగా పేరున్నది, ఇప్పుడు ఇల్కా అంటున్నారు. కెనడాకి చెందిన బ్రూస్ కర్బీ డిజైన్ చేశాడు, పొడవు 4.2 మీటర్లు, హల్, అంటే పడవ ఒంటి బరువు 59 కిలోల దాకా, ఒకే తెరచాప. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. పిల్లలైతే ఆప్టిమిస్ట్, రెండుంపావు మీటర్లు దాటితే కాస్తే దాటే పొడవు, 1947లో క్లార్క్ మిల్స్ గీసిన డిజైన్. ఫ్రెండ్స్‌తో నేర్చుకునేటప్పుడు మాత్రం మొదట ముగ్గురు, నలుగురు పట్టే వెడల్పాటి ట్రైనింగ్ డింగీ అడగండి, ఇన్‌స్ట్రక్టర్ కూడా అందులోనే కూర్చుంటారు. రెండో రోజు ఇద్దరిద్దరుగా విడిపోవచ్చు. సొంత పడవ కొనే ఆలోచన వస్తుంది, తప్పకుండా వస్తుంది, మొదటి సీజన్ అయ్యేదాకా దాన్ని పక్కన పెట్టండి.

ఏం వేసుకోవాలి

గాలి వేడిని చూసి కాదు, నీటి చలిని చూసి బట్టలు వేసుకోండి. పైన ఎండ మండిపోతున్నా నీళ్లు చల్లగా ఉండొచ్చు, చల్లటి నీళ్లలో ఒక్కసారిగా పడితే మొదటి నిమిషంలో ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. ఈత ఎంత బాగా వచ్చినా అంతే. అలాంటి చోట వెట్‌సూట్, అంటే నీళ్లలో ఒంటి వేడి పోకుండా కాపాడే బిగుతు రబ్బరు సూట్ వేసుకోవాలి.

తేలే జాకెట్లు రెండు రకాలు, వీటి తేడా తెలియాలి. వీటి తేల్చే బలాన్ని న్యూటన్లలో చెప్తారు. బాయన్సీ ఎయిడ్ 50 న్యూటన్లది, స్పృహలో ఉండి ఈత వచ్చినవాళ్లని తేల్చి ఉంచుతుంది, కదలడానికి వీలుగా ఉంటుంది, డింగీలో ఎక్కువగా ఇదే వాడతారు. లైఫ్ జాకెట్ బలం ఇంకా ఎక్కువ, 150 న్యూటన్లది అయితే స్పృహ తప్పినవాళ్లని కూడా ముఖం పైకి వచ్చేలా తిప్పడానికే తయారుచేస్తారు. ఈత సరిగా రానివాళ్లు ఆ సంగతి ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పాలి, ఫ్రెండ్స్ ముందు మొహమాటపడి దాచేది కాదు. ఏది వేసుకున్నా బెల్టులన్నీ బిగించాక మీ ఫ్రెండ్‌ని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే.

మెత్తటి అడుగున్న బూట్లు, తాడు లాగడానికి గ్లవ్స్, కళ్లజోడుకి తాడు, టోపీకి తాడు. ఉంగరాలు తీసేయండి.

నీళ్లలోకి దిగేముందు గాలి చూడండి

అసలు చదువు ఇక్కడుంది. ఒడ్డున నిలబడి కళ్లు మూసుకుని తల అటూ ఇటూ మెల్లగా తిప్పండి. రెండు చెవులకీ గాలి ఒకేలా తగిలి, హోరు సమానంగా వినిపించే చోట ఆపితే మీ ముక్కు చూపిస్తున్నదే గాలి వచ్చే వైపు. తర్వాత కళ్లు తెరిచి జెండాలు, నీటి మీద ముడతలు చూసి సరిపోల్చుకోండి. దిగేముందు నలుగురూ చేత్తో గాలి వచ్చే వైపు చూపించాలి, ఒకళ్లు వేరే వైపు చూపిస్తే తేలేదాకా దిగొద్దు.

గాలి ఒడ్డు నుంచి నీళ్ల వైపు వీస్తుంటే మరీ జాగ్రత్త. ఒడ్డు దగ్గర నీళ్లు అద్దంలా నున్నగా కనిపిస్తాయి, భలే ఉందే అనిపిస్తుంది. కొంచెం లోపలికి వెళ్లేసరికి గాలి పెరుగుతుంది, వెళ్లడం సులువు, రావడానికి అంతా ఎదురుగాలే. కొత్తవాళ్లు రెస్క్యూ బోటు లేకుండా ఇలాంటి గాలిలో వెళ్లకూడదు.

ఎంత గాలి మంచిది అంటే 5 నుంచి 10 నాట్లు. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు, అంటే 10 నాట్లు గంటకు పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలనే సామెతని ఇక్కడ మాత్రం నమ్ముకోకండి, ఎందుకంటే గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద తోపు నాలుగు రెట్లవుతుంది. 8 నాట్లలో ఆడుకుంటున్నట్టున్న పడవే 16 నాట్లలో మీ చేతిలోంచి తాడు లాక్కుంటుంది. మీటర్ లేకపోయినా నీళ్లని చూసి చెప్పొచ్చు. బ్రిటిష్ నావికాదళంలో పనిచేసిన ఫ్రాన్సిస్ బ్యూఫోర్ట్ 1805లో గాలికి ఒక స్కేల్ వేసుకున్నాడు, అప్పట్లో ఓడ ఎన్ని తెరచాపలు మోయగలదన్నదాన్ని బట్టి ఆ లెక్క. ఇప్పుడు దాన్నే అలల రూపంతో కలిపి చదువుతాం. అలల మీద తెల్లటి నురగ అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తే 3, అంటే 7 నుంచి 10 నాట్లు. ఎటు చూసినా తెల్ల నురగే అంటే 4 వచ్చేసినట్టు, 11 నుంచి 16 నాట్లు, మొదటి వీకెండ్‌లో అది ఒడ్డున కూర్చుని చూడాల్సిన గాలి. ఫోర్‌కాస్ట్‌లో సగటు గాలి ఒక్కటే కాదు, గస్ట్ అని, అంటే ఉన్నట్టుండి వచ్చే విసురుగాలికి, ఇంకో అంకె ఉంటుంది, ఆ రెండింటి మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఆ రోజు కుదురుండదు.

సముద్రం పక్కన అయితే ఇంకోటి. ఎండ ఎక్కేకొద్దీ నేల వేడెక్కి దాని మీద గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అందుకే ఎండ రోజుల్లో పొద్దున్న చప్పగా ఉన్న గాలి మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. నేర్చుకునేది పొద్దున పూట పెట్టుకోండి, నీటి ఆటుపోట్ల టైములు కూడా చూసుకోండి.

ఇసుకలో గడియారం

దిగేముందు పది నిమిషాలు ఈ పని చేస్తే నీళ్లలో గంట కలిసొస్తుంది. ఇసుకలో ఒక పెద్ద గుండ్రం గీసి దాన్ని గడియారం అనుకోండి, గాలి 12 నుంచి వస్తోంది. మధ్యలో ఒక చెప్పు పెట్టండి, అదే పడవ. పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా ఉన్న ముక్క వైపు చెప్పు ముక్కు తిప్పితే పడవ నడవదు, తెరచాప ఊరికే కొట్టుకుంటుంది. ఎదురుగాలికి అటు 45, ఇటు 45 డిగ్రీలు, ఇంచుమించుగా అది ఏ తెరచాప పడవకైనా వెళ్లలేని దారి. మరి 12 వైపే వెళ్లాలంటే? ఒకటిన్నర వైపు కొంత దూరం, పదిన్నర వైపు కొంత దూరం, ఇలా వంకరటింకరగా ఎక్కుతూ పోవాలి. దీన్నే టాకింగ్ అంటారు. 3 గానీ 9 గానీ అయితే గాలి సరిగ్గా పక్కనుంచి వస్తుంది, అన్నిటికంటే సులువైన దారి ఇదే. 6 అంటే గాలి వెనకనుంచి. పైకి హాయిగా అనిపిస్తుంది గానీ కొత్తవాళ్లకి దెబ్బలు తగిలేది ఎక్కువగా ఆ దారిలోనే, ఎందుకో కింద చెప్తాను.

గాలికి ఎదురుగా ఏటవాలుగానైనా ఎలా వెళ్తుందన్న సందేహం ఎవరో ఒకరికి వస్తుంది. తెరచాప వంపు గాలిని మళ్లిస్తుంది, ఆ మళ్లింపులో పుట్టే బలం పడవని కొంత ముందుకీ ఎక్కువగా పక్కకీ నెడుతుంది. పక్కకి పోనివ్వకుండా నీళ్లలోకి దింపిన పలక అడ్డుపడుతుంది, దాని పేరు సెంటర్‌బోర్డ్. ఇక మిగిలేది ముందుకే. ఎదురుగాలికి ఎక్కేటప్పుడు ఆ పలక పూర్తిగా కిందికి ఉండాలి, పక్కగాలికి సగం చాలు, వెనకగాలికి చాలావరకు పైకి లాగేయొచ్చు.

మొదటి గంట

పడవ నీళ్లలోకి దించే ముందు వెనక అడుగున నీళ్లు పోయే రంధ్రానికి బిరడా పెట్టారా లేదా చూడండి. ఇది మర్చిపోయి పడవ ఎందుకు బరువెక్కుతోందో అర్థంకాక కొట్టుకునేవాళ్లు ప్రతి క్లబ్బులోనూ ఉంటారు.

గాలి వచ్చే పక్కన, తెరచాప వైపు ముఖం పెట్టి కూర్చోండి. వెనక చేతిలో చుక్కాని తిప్పే కర్ర, అంటే టిల్లర్. ముందు చేతిలో తెరచాపని లాగే తాడు, మెయిన్‌షీట్ అంటారు. టిల్లర్‌ని ఎటు నెడితే పడవ ముక్కు దానికి అవతలి వైపు తిరుగుతుంది. మొదట్లో అందరూ తికమకపడతారు, అటూ ఇటూ ఆలోచించకుండా ఒకటే గుర్తుపెట్టుకోండి: టిల్లర్‌ని మీకు దూరంగా నెడితే పడవ గాలికి ఎదురు తిరుగుతుంది, మీ వైపు లాగితే గాలికి దూరంగా పోతుంది.

అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఆగడం. పక్కగాలిలో తాడు పూర్తిగా వదిలేయండి. తెరచాప జెండాలా రెపరెపలాడుతుంది, పడవ నెమ్మదించి ఆగుతుంది. మళ్లీ లాగండి, కదులుతుంది. వదలండి, ఆగుతుంది. బోర్ కొట్టేదాకా ఇదే చేయండి. పడవ ఒరిగిపోతున్నప్పుడు మనిషికి సహజంగా వచ్చేది చేతిలో ఉన్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకోవడం, ఇక్కడ చేయాల్సింది సరిగ్గా దానికి రివర్స్. చేతికి ఆ అలవాటు పడేదాకా టాకింగ్ జోలికి పోవద్దు.

తర్వాత తాడు ఎంత లాగాలి. తెరచాప ముందు అంచు, మాస్ట్‌ని, అంటే తెరచాప నిలబెట్టే స్తంభాన్ని ఆనుకుని ఉండేది, దాని మీదే కళ్లు పెట్టండి. తాడు మెల్లగా వదులుతూ పోతే ఒక చోట ఆ అంచు వెంట గుడ్డ వణకడం మొదలవుతుంది, మొదట బొటనవేలంత మేర, ఆ తర్వాత అరచేయంత. అక్కడ ఆపి, వణుకు ఆగేంతవరకు లాగండి, అంతే, ఒక్క అంగుళం కూడా ఎక్కువ వద్దు. బాగా బిగించేస్తే పడవ స్పీడుగా పోతుందని అనిపిస్తుంది గానీ ఒరుగుతుందే తప్ప పోదు. గాలి కాస్త మారుతూనే ఉంటుంది కాబట్టి కాసేపటికోసారి కొంచెం వదిలి, వణికిందా లేదా చూసి, మళ్లీ లాగుతూ ఉండాలి. కొన్ని తెరచాపల మీద సన్నటి దారపు పోగులు అంటించి ఉంటాయి, రెండు వైపులా అవి వెనక్కి తిన్నగా సాగుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

ఒంటి బరువు కూడా పనిముట్టే. పడవ బల్లపరుపుగా ఉండాలి, గాలి పెరిగితే బయటికి వాలండి, తగ్గితే లోపలికి రండి. వెనక మూలకి జారిపోయి కూర్చోవద్దు, వెనక భాగం నీళ్లలో ఈడ్చుకుపోతుంది. ఇద్దరుంటే దగ్గరగా, నడుమ భాగంలో కూర్చోవాలి.

తిప్పడం రెండు రకాలు

టాక్ అంటే పడవ ముక్కు గాలిలోంచి దాటేలా తిప్పడం. రెడీయా అని అడగండి, అవతలివాళ్లు రెడీ అనాలి. పడవకి వేగం ఉండాలి. టిల్లర్‌ని దూరంగా నెట్టి అలాగే పట్టుకోండి, బూమ్, అంటే తెరచాప కింది అంచు వెంట ఉండే అడ్డకర్ర, నెత్తి మీదికి వస్తున్నప్పుడు వంగి, ముఖం ముందుకే పెట్టుకుని అవతలి పక్కకి దాటండి, కూర్చున్నాక చేతులు మార్చుకోండి, టిల్లర్ మధ్యకి తెచ్చుకోండి. వేగం లేకుండా మొదలుపెడితే మధ్యలో ముక్కు గాలికి ఎదురుగా ఇరుక్కుపోతుంది. కంగారు వద్దు, బూమ్‌ని, టిల్లర్‌ని రెండింటినీ మీకు దూరంగా నెట్టి పట్టుకుంటే పడవ వెనక్కి జరుగుతూ ఓ పక్కకి తిరుగుతుంది. తగినంత తిరిగాక రెండూ మీ వైపు లాక్కుంటే మళ్లీ నడుస్తుంది.

జైబ్ అంటే వెనక భాగం గాలిలోంచి దాటేలా తిప్పడం. ఇందులో బూమ్ ఒక పక్కనుంచి ఇంకో పక్కకి ఒక్క ఊపున వస్తుంది, తలకి తగిలితే మామూలు దెబ్బ కాదు. వెనకగాలిలో వెళ్తూ కబుర్లలో పడి టిల్లర్ కాస్త కదిలినా చెప్పాపెట్టకుండా ఇదే జరుగుతుంది. అందుకని సరిగ్గా 6 వైపు కాకుండా ఐదు, ఏడు వైపు నడపండి, తిప్పాలనుకుంటే గట్టిగా చెప్పి, అందరూ వంగాకే తిప్పండి. గాలి ఎక్కువ అనిపిస్తే జైబ్ మానేసి, గుండ్రంగా చుట్టు తిరిగి టాక్ చేసుకోవచ్చు, చిన్నతనమేం కాదు.

కావాలనే బోల్తా కొట్టించండి

ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు బోల్తా పడుతుంది. ఇన్‌స్ట్రక్టర్, రెస్క్యూ బోటు పక్కనుండగా కావాలని పడగొట్టి లేపడం నేర్చుకుంటే ఆ భయం ఆ రోజుతో పోతుంది. పడగానే ముందు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోండి, అందరి తలలూ కనిపించాలి. మెయిన్‌షీట్ ఎక్కడా బిగిసి లేకుండా వదిలేయండి, లేకపోతే లేచిన పడవ మళ్లీ పడుతుంది. మాస్ట్‌కి గానీ పైకి తేలిన అంచుకి గానీ లోపలి వైపునుంచి వేలాడకండి, పూర్తిగా తలకిందులవుతుంది. ఒకరు పడవని చేత్తో వదలకుండా చుట్టూ ఈదుకుంటూ అడుగు వైపుకి వెళ్లాలి, ఇంకొకరు లోపలి వైపే నీళ్లలో పడవకి సమాంతరంగా తేలుతూ పడవ లోపల పాదాలు దూర్చుకోవడానికి ఉండే పట్టీని పట్టుకోవాలి, లోపలినుంచి ఒక తాడు అవతలికి విసరాలి. బయట ఉన్నవాళ్లు సెంటర్‌బోర్డ్ మీదికి ఎక్కి, చివర్లో కాకుండా హల్‌కి దగ్గరగా నిలబడి, తాడు పట్టుకుని వెనక్కి వాలాలి. కొన్ని క్షణాలు ఏమీ జరగదు, తెరచాప మీది నీళ్ల బరువు అది. ఆపకుండా వాలి ఉంటే మాస్ట్ మెల్లగా లేస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా. లోపలివాళ్లు పడవతోపాటే లోపలికి వచ్చేస్తారు, బయటివాళ్లని లాగుతారు.

లేపలేకపోతే పడవని వదిలి ఒడ్డుకి ఈదొద్దు. ఒడ్డు కనిపించినంత దగ్గరగా ఉండదు, పడవ కనిపించినంత సులువుగా తల కనిపించదు. చేతులు రెండూ చాచి పక్కనుంచి పైకి, కిందికి మెల్లగా ఊపడం ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాద సంకేతం.

దారి ఎవరిది

1972 అంతర్జాతీయ నియమాల్లో తెరచాప పడవలకి సంబంధించి ముందు మూడు చాలు. రెండు పడవలకి గాలి వేర్వేరు పక్కలనుంచి వస్తుంటే, ఎడమ పక్కనుంచి గాలి అందుకుంటున్న పడవ తప్పుకోవాలి. ఒకే పక్కనుంచి వస్తుంటే రెండింటిలో గాలి వచ్చే వైపున ఉన్నది తప్పుకోవాలి. దాటిపోయేది ఎవరైనా వాళ్లే తప్పుకోవాలి. పెద్ద ఓడలు వెళ్లే దారిలో ఈ లెక్కలు పెట్టుకోకుండా అసలు అటు పోకండి.

ముడులు కూడా మూడే: తాడు చివర జారిపోకుండా ఎనిమిది అంకె ముడి, ఉచ్చు కోసం బోలైన్, కట్టేయడానికి రెండు చుట్లు తిప్పి రెండు సగం ముడులు. టీవీ చూస్తూ కూడా నేర్చుకోవచ్చు.

నలుగురూ సరదాగా ఉండాలంటే

పడవలో ఒకే ఒక్కరు కెప్టెన్. ఇరవై నిమిషాలకోసారి మారండి, టిల్లర్ ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే, మిగతావాళ్లు అడిగితేనే సలహా ఇవ్వాలి. బాగా వచ్చినవాళ్లకి ఇది కష్టంగా ఉంటుంది, ఉండనివ్వండి. నీళ్ల మీద గంటన్నర, ఒడ్డున విరామం, మళ్లీ గంటన్నర. అంతకు మించితే అలసిపోయి, చిరాకులో తప్పులు చేస్తారు, మాటలు కూడా జారతాయి. మందు ఏదైనా ఉంటే పడవ కట్టేశాకే.

భయపడేవాళ్లని బలవంతంగా ఎక్కించొద్దు. ఒడ్డున ఉండే మనిషికి కూడా నిజమైన పని ఉంది: ఎవరెవరు వెళ్లారు, ఎటు వెళ్లారు, ఎన్నింటికి రావాలి అన్నది వాళ్ల దగ్గర రాసి ఉండాలి, ఆ టైం దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా.

కొంచెం చెయ్యి తిరిగాక ఆటలు ఆడండి. పాత తేలే డబ్బా ఒకటి నీళ్లలో పడేసి, దాని పక్కన పడవ ఆపి చేత్తో తీయాలి. చూడ్డానికి ఆటే గానీ నీళ్లలో పడ్డ మనిషిని తీయడానికి కావాల్సిన పనితనం అంతా అందులో ఉంది. పక్కగాలిలో తిన్నగా పోతున్నప్పుడు టిల్లర్ పట్టుకున్నవాళ్లు కళ్లు మూసుకుని, పక్కవాళ్లు చుట్టూ చూస్తూ ఉంటే, గాలి చెంపమీద ఎలా మారుతోందో తెలుస్తుంది. రెండు పడవలుంటే రెండు బోయాల, అంటే నీళ్ల మీద తేలే గుర్తుల మధ్య రేసు పెట్టుకోండి, పోటీలో నేర్చుకున్నంత త్వరగా ఇంకెలాగూ రాదు.

అయిపోయాక పని ఎగ్గొట్టేవాళ్లు ఎవరో ఆ వీకెండ్‌లోనే తెలిసిపోతారు. బిరడా తీసి నీళ్లు పోనివ్వాలి, ఉప్పునీళ్లలో తిరిగితే పడవ, తాళ్లు, కప్పీలు మంచినీళ్లతో కడగాలి, తెరచాప తడి ఆరాక చుట్టాలి, జాకెట్లు నీడలో వేలాడదీయాలి. ఎక్కడైనా చిరుగు, తెగిన దారం కనిపిస్తే అప్పుడే క్లబ్బువాళ్లకి చెప్పేయండి, వచ్చే వారం ఆ పడవ మీకే రావచ్చు.